చేబదులు

సోమవారం పొద్దుటికల్లా తేల్చి రాయమన్నాడు సంపాదకుడు:
సొంతమా, కాపీనా.
మూడొందల మాటలు. కింద ఐదింటికి ఎన్ని చుక్కలో అదీ.

డండీ ఊరంతా ఇప్పుడు ఆ ఇద్దరమ్మాయిల పాటే.
వేయించిన చేపలమ్మే కొట్లో, మంగలి షాపులో,
ఆసుపత్రి లిఫ్టులో శవం పక్కన కూడా.
'కోల్డ్ కెటిల్' అట పేరు.
ఇద్దరికీ ఇరవై దాటలేదు.
ఒకత్తికి గొంతుంది, ఇంకొకత్తికి యంత్రాలున్నాయి.

శనివారం రాత్రి హాల్లో
దొంగసొత్తు లెక్క రాసుకునే జవానులా నిలబడ్డాను.
ఆ బేసు, ఎనభైల నాటిది.
పల్లవి చివర ఆ నిట్టూర్పు, నేను బడిలో ఉండగా ప్రతి రేడియోలోనూ ఉండేది.
ఆ వెండి కోటు మా అక్క పారేసిందే.
రెండో పాటలో దరువు మొదలైంది.
తక్ తకతక్,
                    ఒక ఖాళీ,
తక్.
ఆ ఖాళీని నేనెరుగుదును.
ఎక్కడిదో మాత్రం తట్టలేదు,
పళ్ల సందున ఇరుక్కున్న పీచులా
నాలుక దాని చుట్టూనే తిరిగింది.

మూడో పాట అచ్చంగా అచ్చులో పోసిందే.
అందులో ఎవరూ లేరు, వాళ్లతో సహా.
అది రాసుకున్నాను, తృప్తిగా.
అప్పుడే పక్కన ఒక పిల్ల ఏడవడం చూశాను,
మస్కారా చెంప మీద రెండు కాలవలై.
ఎంగిలి పాటకి ఇంత మడిగా ఏడుస్తారా ఎవరైనా?
ఆ వాక్యం రాసి కొట్టేశాను.

ఆఖరి బస్సు.
నడిపేది డూగల్ మెకీ.
నలభై ఏళ్ల కిందట 'టిన్ హార్బర్' బ్యాండులో డ్రమ్ములు వాయించాడు.
ఒకే ఒక్క రికార్డు. సగం పెట్టెలు వాళ్లమ్మ మంచం కింద మిగిలాయి.
మా ఇంట్లో ఒకటుండేది, గీత పడి
ఒకేచోట గిరగిరా తిరిగేది...
ఒక కాలు ఇంకా ఫుట్‌పాత్ మీదుండగానే గుర్తొచ్చింది.

"డూగల్, నీ దరువు ఎత్తుకుపోయారు"
అన్నాను, చావుకబురు మోసుకొచ్చినట్టు,
లోపల కాస్త సంబరంగా కూడా.

టే నది వైపు మలుపు తిప్పుతూ "విన్నాను" అన్నాడు.
"నాకంటే బాగా కొట్టారు.
ఆ ఖాళీ దగ్గర నాకెప్పుడూ తొందరే."

స్టీరింగు మీద చూపుడువేలితో వాయించి చూపించాడు.
"ఇది మా అమ్మ ఈఫీది.
జనపనార మిల్లులో ఇరవైయారేళ్లు. మగ్గాల హోరుకి చెవులు రెండూ పోయాయి.
రాత్రి తిండికి మమ్మల్ని బల్ల మీద ఇలా కొట్టి పిలిచేది.
తనకా చప్పుడు వినబడదు, చేతికి తెలుసు అంతే.
నడుమ ఆ ఖాళీ ఏమిటో చెప్పనా?
ఆవిడ మగ్గంలో పళ్లచక్రానికి ఒక పన్ను లేదు."

"మరి కోర్టుకి వెళ్లవా?"

"వెళ్లి ఏమనను? అమ్మకి నేనేమైనా ఇచ్చానా?
మగ్గానికి అమ్మేమైనా ఇచ్చిందా?
ఇవన్నీ చేబదుళ్లు. కాగితం ఉండదు."
తర్వాత చాలాసేపటికి, ఎర్ర దీపం దగ్గర:
"పేరు చెబితే బావుండేదనుకో.
నాది కాదు. ఆవిడది."

లోకీ దిగే చోట ఒక కుర్రాడెక్కాడు,
చెవుల్లో తీగలు, జేబులో చిప్స్.
ఇనపకడ్డీ పట్టుకుని ఉంగరంతో అదే దరువు,
తక్ తకతక్, ఖాళీ, ఖాళీ, ఇంకా ఖాళీ,
మరిచిపోయాడేమో అనుకున్నాక
తక్.

తప్పు.
డూగల్ అద్దంలోంచి వాణ్ణి చూసి నవ్వాడు.
"అదుగో. అది మాత్రం వాడిదే."

సోమవారం రాసిచ్చాను.
మూడో పాటని ఉతికాను, వెండి కోటుని వదల్లేదు,
ఈఫీ మెకీ పేరు రెండుసార్లు రాశాను.
సొంతమా కాపీనా అన్నచోట
ఏమీ రాయకుండా ఖాళీ ఉంచాను.

అచ్చుతప్పనుకుని వాళ్లు అక్కడ మూడు చుక్కలు పెట్టారు.
ఐదింటికి మూడు ఇచ్చానని
ఊళ్లో సగం మంది నాతో మాట్లాడటం లేదు.